చెమ్మ గాలిలో పట్టు దొరికే చోటు: భీమవరంలో పోల్ ఫిట్‌నెస్ తరగతులు

పోల్ డాన్స్ ఫిట్‌నెస్ నేర్పే చోటు ఎలా ఉందో చెప్పాలంటే మన డెల్టాలో ముందుగా మాట్లాడవలసింది గాలిలోని చెమ్మ గురించి. ఈ వ్యాయామమంతా చర్మానికీ లోహానికీ మధ్య ఉండే రాపిడి మీద ఆధారపడి నడుస్తుంది. చుట్టూ కాలువలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు, కాస్త దూరంలో సముద్రం ఉన్న భీమవరంలో మార్చి దాటిందంటే ఊరికే కూర్చున్నా అరచేతులు తడుస్తాయి. ఇటువంటి ఊళ్ళో నున్నటి లోహపు గొట్టాన్ని పట్టుకుని కాళ్ళు నేలకు ఆనకుండా తిరగడం నేర్పాలని ఎవరు పూనుకున్నా వారికి రెండు చిక్కులు ఎదురవుతాయి. ఒకటి చెమట, రెండవది సిగ్గు. పట్టు దొరకాలంటే చర్మం పోల్‌కు తగలాలి, తగలాలంటే పొట్టి బట్టలు వేసుకోవాలి, వేసుకుంటే నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగ. నేను చేరిన స్టూడియో ఈ రెండు చిక్కులనూ సమానంగా పట్టించుకుంది. ధైర్యవచనాలు చెప్పి వదిలెయ్యకుండా గదిలోనే తగిన ఏర్పాట్లు చేసింది. ఈ స్టూడియోను మెచ్చుకోవడానికి నాకు కనిపించిన ప్రధాన కారణం ఇదే.

స్టూడియో ఊరి నడిబొడ్డున, కింద వస్త్రదుకాణం ఉన్న ఒక భవనంలో రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. బయటి బోర్డు మీద మహిళల ఫిట్‌నెస్ అని మాత్రమే రాసి ఉంటుంది కాబట్టి మెట్లెక్కుతున్నవాళ్ళు యోగాకు వెళ్తున్నారో జుంబాకు వెళ్తున్నారో కింద నిలబడ్డవారికి తెలియదు. నిజానికి అక్కడ ఆ రెండూ కూడా నేర్పుతారు. లోపల చెక్క నేల, ఒక గోడ నిండా అద్దం, కాళ్ళు చాచి తిరిగినా ఒకరికొకరు తగలనంత ఎడంతో నాలుగు పోల్స్ ఉన్నాయి. ఇవి ఇళ్ళల్లో వాడే రకంలాగా కప్పుకూ నేలకూ మధ్య ఒత్తిడితో నిలబెట్టినవి కావు, పైన శ్లాబుకు బోల్టులతో బిగించినవి. ఏ ఊళ్ళోనైనా చేరేముందు అడిగి తెలుసుకోవలసిన మొదటి విషయం ఇదే, ఎందుకంటే పీఓపీ సీలింగ్‌కు ఆనించి నిలబెట్టిన పోల్ మనిషి బరువు పడ్డప్పుడు ఎటు జరుగుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. పోల్ మందం 45 మిల్లీమీటర్లు. అంతర్జాతీయ పోటీలలో వాడేదీ ఈ కొలతే. మామూలు ఆడవాళ్ళ అరచేతిలో వేళ్ళూ బొటనవేలూ చుట్టి పట్టుకోవడానికి ఇది సరిపోతుంది.

నాలుగింటిలో రెండు క్రోమ్ పూత ఉన్నవి, రెండు ఇత్తడివి. మొదట్లో ఇదేదో అలంకారం కోసం అనుకునేవాళ్ళు ఉంటారు గానీ, దీని వెనక లెక్క ఉంది. చెమ్మ ఎక్కువగా ఉన్న వాతావరణంలో క్రోమ్ కంటే ఇత్తడి మెరుగైన పట్టునిస్తుంది, అందుకే వేడి, ఉక్క ఉన్న ప్రాంతాలలో దానిని ఇష్టపడతారు. దాని ఇబ్బంది దానికీ ఉంది: త్వరగా కాంతి తప్పుతుంది, తరచుగా శుభ్రం చెయ్యాలి, తరగతి అయ్యాక ఎంత సబ్బు పెట్టి కడుక్కున్నా చేతులకు ఇత్తడి వాసన కాసేపు వదలదు. నాబోటి చెమట చేతులవారిని ట్రైనర్ తొలిరోజే ఇత్తడి పోల్ దగ్గరకు పంపింది, పొడిచేతులవారిని క్రోమ్ దగ్గరకు పంపింది.

ఏసీ విషయంలో వారు పాటించే పద్ధతి మరీ నచ్చింది. ఉక్కగా ఉందని గదిని బాగా చల్లబరిస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. చల్లబడిన లోహానికి చర్మం సరిగా అంటుకోదు. పైగా తలుపు తెరిచినప్పుడల్లా బయటి తడిగాలి లోపలికి వచ్చి చల్లటి పోల్ మీద కంటికి కనిపించనంత సన్నని నీటిపొరగా మారుతుంది. అందుకని తరగతికి అరగంట ముందే తలుపులు వేసి, ఏసీని చెమ్మ లాగేసే డ్రై మోడ్‌లో పెట్టి, ఉష్ణోగ్రతను ఒక మోస్తరుగానే ఉంచుతారు. ఆ తరువాత స్పిరిట్‌తో తడిపిన గుడ్డతో ఒక్కో పోల్‌నూ పైనుంచి కిందికి తుడుస్తారు. తుడిచాక ట్రైనర్ తన ముంజేతి లోపలివైపును పోల్‌కు ఆనించి మెల్లగా కిందికి లాగి చూస్తుంది. చర్మం ఆగి ఆగి కీచుమని చప్పుడు చేస్తే పోల్ సిద్ధమైనట్టు, చప్పుడు లేకుండా జారిందంటే ఎక్కడో జిడ్డో తడో మిగిలినట్టు, మళ్ళీ గుడ్డ అందుకుంటుంది. తరగతి జరుగుతున్నప్పుడు కూడా ఒకరి వంతు అయి ఇంకొకరు పట్టుకునే ముందు తుడవడం తప్పనిసరి.

చేతులకు ద్రవరూపంలో ఉండే సుద్ద ఇస్తారు. మెగ్నీషియం కార్బొనేట్‌ను ఆల్కహాల్‌లో కలిపి చేసినది అది; చేతుల్లో రుద్దుకోగానే ఆల్కహాల్ ఆవిరైపోయి తెల్లటి పొడిపొర మిగులుతుంది. బఠాణీ గింజంత చాలు. ఎక్కువ వేసుకుంటే అది పోల్ మీద పేరుకుని తరువాతివారిని జారుస్తుంది.

అసలైన శత్రువు మాత్రం మన ఇంటి అలవాట్లలో ఉంది. కొబ్బరినూనె పెట్టుకోని తల గోదావరి జిల్లాల్లో ఎన్ని ఇళ్ళల్లో కనిపిస్తుంది? జడ ఊగి పోల్‌కు ఒక్కసారి తగిలితే చాలు, అక్కడ పడిన జిడ్డుమరక తరువాత చెయ్యి పెట్టినవారిని దభీమని నేలకు దింపుతుంది. తరగతి ఉన్న రోజు తలకు నూనె గానీ ఒంటికి లోషన్ గానీ రాసుకోకూడదన్నది చేరేటప్పుడు మొదట చెప్పే నియమం. మరిచిపోయి వచ్చినవారిని వెనక్కి పంపరు, తలకు చుట్టుకోవడానికి ఉతికిన గుడ్డ ఇస్తారు, కాళ్ళు చేతులు సబ్బుతో కడుక్కోమంటారు. నగల విషయంలోనూ ఇంతే సౌమ్యత చూశాను. మా బ్యాచిలో ఒక పెద్దావిడ మెట్టెలు తియ్యడానికి సందేహిస్తుంటే, వయసులో ఆవిడకు కూతురి వరస అయ్యే ట్రైనర్ పక్కన కూర్చుని, “మెట్టెలు తియ్యక్కర్లేదు పిన్నిగారూ, టేపు చుట్టేద్దాం. ఉంగరం మాత్రం తీసెయ్యండి, పోల్ మీద గీత పడితే అందరి చేతులూ కోసుకుపోతాయి” అంది. ఆవిడ “ఆయ్, ఉంగరానిదేముందమ్మా” అని అక్కడే తీసి పర్సులో వేసుకున్నారు. గాజులు, గొలుసులు, చెవులకు వేలాడే లోలాకులు తీసి పెట్టుకోవడానికి తాళం ఉన్న చిన్న అరలు ఉన్నాయి. నల్లపూసలు తియ్యనివారు వాటిని టాపు లోపలికి మడిచి పిన్ను పెట్టుకుంటారు. ఒకరి నమ్మకాన్ని వెక్కిరించకుండా ఇంకొకరి చేతులు కాపాడటం ఎలాగో ఈ చిన్న విషయంలో వారు బాగా ఆలోచించారు.

ఇక బట్టలు. మొదటి వారాల్లో పోల్ చుట్టూ నడవడం, చేతుల బలంతో తిరగడం మాత్రమే ఉంటాయి కాబట్టి లెగ్గింగ్స్, టీషర్టుతో ఇబ్బంది లేదు. పైకి ఎక్కడం మొదలయ్యాక ముంగాలు, అంటే మోకాలి కింద కాలి ముందుభాగం, పాదం పైభాగం బయటకు ఉండాలి. పోల్ మీద కూర్చోవడం నేర్చుకునేటప్పుడు తొడల లోపలివైపు చర్మమే మొత్తం బరువు మోస్తుంది కాబట్టి షార్ట్స్ తప్పవు. ఈ సంగతిని వారు ఫ్యాషన్‌గా చెప్పరు, భద్రతగా చెబుతారు. ఎప్పుడు మార్చుకోవాలో ఎవరికి వారికే వదిలేస్తారు. మా బ్యాచిలో ఒకరు చాలాకాలం మోకాలి దాకా ఉండే ప్యాంటుతోనే వచ్చేవారు, ఆవిడకు సరిపోయే విన్యాసాలు మాత్రమే చేయించేవారు, ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. కిటికీలకు మసక అద్దాలు, వాటి మీద తెరలు ఉన్నాయి. తరగతి వేళ పురుషులెవరినీ పైకి రానివ్వరు. ఏసీ మరమ్మతు చేసే మనిషికైనా వేరే సమయమే ఇస్తారు. ఫోన్లన్నీ తలుపు దగ్గర ఉన్న పెట్టెలో పెట్టాలి. తరగతి చివర ఐదు నిమిషాలు ఎవరైనా తమ వీడియో తీసుకోవచ్చు, ఇంకొకరు ఆ చిత్రంలో కనిపించకూడదు, అద్దంలో నీడగా కూడా కనిపించకూడదు. స్టూడియో వారి ప్రకటనల కోసం మన బొమ్మ వాడుకోవాలంటే కాగితం మీద విడిగా సంతకం తీసుకుంటారు, అందుకు ఒప్పుకోనంత మాత్రాన రుసుములోనో మర్యాదలోనో తేడా రాదు. చిన్న ఊళ్ళో ఇంతకు మించిన స్వాగతం ఏముంటుందో నాకు తెలియదు.

నేర్పే పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బాగా నేర్పేవారికీ ఫొటోల కోసం భంగిమలు పెట్టించేవారికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. గంట తరగతిలో మొదటి పావుగంట మణికట్లు, భుజాలు, తుంటి కీళ్ళు వేడెక్కడానికే పోతుంది. ఆ తరువాత వెంటనే తిరగడం ఉండదు. రెండు చేతులతో పోల్ పట్టుకుని కాళ్ళు కొద్దిగా ఎత్తి, భుజాలను చెవులకు దూరంగా కిందికి లాగి ఉంచడం నేర్పిస్తారు. వినడానికి చిన్న సంగతి. ఆ లాగి ఉంచడం రాకుండా వేలాడితే బరువంతా భుజం కీలు చుట్టూ ఉన్న మెత్తని కండరాల మీద, స్నాయువుల మీద పడుతుంది, నెల తిరిగేసరికి భుజం నొప్పి ఇంటికి వస్తుంది. వీపు పక్కలనున్న పెద్ద కండరాలు పని చేస్తున్నాయో లేదో ట్రైనర్ అడిగి, ఒప్పుకున్నవారికి మాత్రమే వేలితో తాకి చూపిస్తుంది. తాకే ముందు అడగడం అనే నియమాన్ని ఆమె ఒక్కసారి కూడా తప్పలేదు.

మొదట నేర్పే విన్యాసం ఫైర్‌మన్ స్పిన్. పోల్ వైపు ఉన్న చెయ్యి తలకు పైన, రెండవది ఛాతీ ఎత్తున పెట్టి, పోల్‌కు దూరంగా ఉన్న కాలిని వెడల్పుగా ఊపి ఆ ఊపుతోనే ఎక్కి, రెండు మోకాళ్ళ మధ్య పోల్‌ను బిగించి తిరుగుతూ కిందికి దిగాలి. కొత్తవారందరూ ఊపును నమ్మక చేతులతో లాగుతారు, దానితో పోల్‌కు దగ్గరగా వచ్చి తిరగకుండానే జారిపోతారు. ముందు శరీరాన్ని దూరంగా వాల్చి నడక నడిపించి, ఆ వాలు అలవాటయ్యాకే ఎగరమంటారు. ఆ తరువాత కుర్చీలో కూర్చున్న భంగిమలో తిరిగే చెయిర్ స్పిన్ వస్తుంది. ఇందులో కాళ్ళు పోల్‌కు తగలవు కాబట్టి కింది చెయ్యి నెట్టడం, పై చెయ్యి లాగడం సరిగా తెలియాలి. కాళ్ళు దగ్గరకు ముడిస్తే వేగం పెరగడం, చాస్తే తగ్గడం బడిలో చదివిన భౌతికశాస్త్రమే అయినా, ఒంటి మీదికి వచ్చినప్పుడు కొత్తగా ఉంటుంది.

ఎక్కడం దగ్గర నాకు కోనసీమలో కొబ్బరి దింపు తీసేవారు జ్ఞాపకం వచ్చారు. వారు చేతులతో తమను తాము పైకి లాక్కోరు. పాదాలతో చెట్టును గట్టిగా నొక్కిపట్టి, ముడిచిన మోకాళ్ళు చాచి లేస్తారు, చేతులు జరపడం ఆ తరువాత. పోల్ మీద కూడా ఒక కాలి ముంగాలిని పోల్‌కు ముందు అడ్డంగా ఆనించి, రెండవ కాలి పిక్కతో వెనకనుంచి బిగించి, కాళ్ళు చాచి లేచాకే చేతులు మార్చాలి. కాళ్ళ పని కాళ్ళకు అప్పగించినవారు తొందరగా పైకి వెళ్ళారు. చేతుల్లో ఉడుంపట్టు ఉందని నమ్మి వచ్చినవారు, ముఖ్యంగా జిమ్‌లో బరువులెత్తే అమ్మాయిలు, మధ్యలోనే అలసి దిగిపోయారు.

తలకిందులుగా వెళ్ళే విన్యాసాలు ప్రారంభకులకు నేర్పరు. ఎగిరి ఊపుతో కాకుండా పొట్ట బలంతో మెల్లగా కాళ్ళు పైకి ఎత్తగలిగేవరకు ఆగమంటారు. రీల్ చేసుకోవాలని ఒకమ్మాయి తొందరపెడితే ట్రైనర్ నవ్వుతూనే కుదరదంది, ఎంత బతిమాలినా లొంగలేదు. నా దృష్టిలో ఇది ఆ స్టూడియోకు గొప్ప యోగ్యతాపత్రం.

నొప్పి సంగతి దాచడం భావ్యం కాదు. ముంగాళ్ళ మీద, మోకాలి వెనక, తొడల లోపల కమిలిన మచ్చలు వస్తాయి, కొన్నాళ్ళకు పోతాయి. పాదం పైభాగంలో చర్మం ఒరుసుకుపోతుంది. పోల్ మీద కూర్చోవడం మొదట్లో నిజంగా బాధిస్తుంది. అలవాటు పడేకొద్దీ బాధ తగ్గుతుందని చెప్పారు, తగ్గింది కూడా. అయితే చర్మం నొప్పికీ కీలు నొప్పికీ తేడా చూసుకోవాలి: మణికట్టులోనో భుజంలోనో పోటు వస్తే వెంటనే ఆగమంటారు. చేర్చుకునే ముందే రక్తపోటు, కళ్ళు తిరగడం, పాత గాయాలు, ఆపరేషన్లు, గర్భం వంటి వివరాలు రాయించుకుని, అనుమానం ఉంటే డాక్టరును అడిగి రమ్మంటారు.

ఈ వ్యాయామం ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న మన ఊళ్ళో తప్పక వస్తుంది. దీనికి చాలామంది నిలువు స్తంభం మీద విన్యాసాలు చేసే మల్లఖంబం పేరు చెప్పి తప్పించుకుంటారు. మల్లఖంబం మన దేశపు గొప్ప విద్యే. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు సోమేశ్వరుడు కూర్చిన మానసోల్లాసంలో దాని ప్రస్తావన ఉందంటారు, రెండో బాజీరావు పీష్వా కాలంలో బాలంభట్ట దాదా దేవధర్ దానికి మళ్ళీ ప్రాణం పోశారు, 2013లో మధ్యప్రదేశ్ దానిని రాష్ట్ర క్రీడగా ప్రకటించింది. కానీ అది లావాటి కొయ్యస్తంభం, దానికి ఆముదం రాస్తారు. ఇక్కడ ఒక్క చుక్క జిడ్డు ఉన్నా పని జరగదు. ఇప్పటి పోల్ ఫిట్‌నెస్ ఉత్తర అమెరికా నైట్‌క్లబ్బుల నర్తకుల నుంచి వచ్చి 1990లలో వ్యాయామంగా మారింది. అంతర్జాతీయ పోల్ క్రీడల సమాఖ్య 2009లో ఏర్పడింది, ప్రపంచ పోటీలు 2012లో మొదలయ్యాయి, 2017లో అంతర్జాతీయ క్రీడాసమాఖ్యల కూటమి దానికి పరిశీలక హోదా ఇచ్చింది. మా ట్రైనర్ ఈ పుట్టుక గురించి ఎవరు అడిగినా ఉన్నదున్నట్టు చెబుతుంది, ఈ విన్యాసాలు కనిపెట్టినవారిని చిన్నచూపు చూడదు. అరువు గౌరవం కోసం పాకులాడకుండా ఇలా సూటిగా చెప్పడం వల్లనే సందేహంతో వచ్చినవారు కూడా నిలబడ్డారని నా అభిప్రాయం.

లోపాలు లేకపోలేదు. పోల్స్ నాలుగే కావడంతో బ్యాచి నిండినప్పుడు ఒక్కో పోల్‌కు ఇద్దరు ముగ్గురు అవుతారు, గంటలో సగం గోడకు ఆనుకుని చూడడంతోనే సరిపోతుంది. కింద పరిచే మందపాటి మ్యాట్లు రెండే ఉన్నాయి. ఎక్కడం మొదలుపెట్టాక ప్రతి పోల్ కిందా ఒకటి ఉండాలి, ఈ మాట వారికి చెప్పాను, తెప్పిస్తామన్నారు, నేను ఇది రాసేనాటికి రాలేదు. విన్యాసాన్ని ముందు కుడివైపు చేయించి ఎడమవైపును చివరి నిమిషాలకు నెట్టేయడం ఇంకో లోపం. రెండు వైపులా సమానంగా చెయ్యకపోతే ఒక భుజం మాత్రమే బలపడి నడుము ఒక పక్కకు లాగుతుంది, అడిగితేనే ఎడమవైపుకు సమయం ఇస్తున్నారు. వేసవి సాయంత్రాలు కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు తిరుగుతాయి గానీ ఏసీ నడవదు, పది నిమిషాల్లో పోల్స్ మీద తేమ చేరుతుంది. అప్పుడు పోల్ పని ఆపి నేల మీద పొట్ట వ్యాయామాలు చేయిస్తారు. ప్రమాదం కంటే అది నయమే అయినా, డబ్బు కట్టింది దానికి కాదని గొణిగేవారిని తప్పుపట్టలేం. బట్టలు మార్చుకోవడానికి ఒకే గది ఉంది. సంక్రాంతికి ఊరంతా బంధువులతో నిండిపోయే రోజుల్లో మానేసిన తరగతులను తరువాతి నెలకు కలపలేదు, ఆ నియమాన్ని ముందుగా రాసి ఇచ్చి ఉంటే బాగుండేది.

రుసుము ఊళ్ళోని మామూలు జిమ్‌కు సుమారు రెట్టింపు ఉంటుంది. సుద్ద, స్పిరిట్, గుడ్డలు అందులోనే కలిసి ఉన్నాయి. విడిగా ఒక్క తరగతికి డబ్బు కట్టి చూసే వీలుంది, పూర్తి నెలకు కట్టే ముందు ఆ పని చెయ్యడం మంచిది. బరువు తగ్గడమే ముఖ్యమనుకునేవారికి దీనికంటే చవకైన దారులు ఉన్నాయి. చేతుల్లో, వీపులో, పొట్టలో బలం రావాలనీ, అది వస్తున్నట్టు వారం వారం కంటికి కనిపించాలనీ కోరుకునేవారికి ఈ ఖర్చు దండగ కాదు. తరగతికి ముందు రెండు గంటలపాటు ఏమీ తినకూడదు. భీమవరంలో సాయంత్రం పూట ఆ నియమం పాటించడం ఎక్కడం కంటే కష్టమని నా వ్యక్తిగత అభిప్రాయం.

సాయంత్రం బ్యాచిలో జనం ఎక్కువ, కరెంటు భయం ఎక్కువ. ఉదయం ఆరున్నర బ్యాచిలో సాధారణంగా పోల్‌కు ఒక్కరే ఉంటారు, ఎండ ముదరకముందే పని ముగుస్తుంది, ట్రైనర్ ఎడమవైపుకు కూడా తీరికగా సమయం ఇస్తుంది. రెండింటికీ రుసుము ఒకటే కాబట్టి చేరేవారు ఉదయం ఖాళీ ఉందేమో ముందు అడగాలి.